పట్టుకుని నడవడానికి కుక్క కావాలన్నారు: పర్లాకిమిడి నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడిలో ఉండే 34 ఏళ్ల ఒక టైలరమ్మది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. నేను బరంపురంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఒంట్లో ఏదైనా లోపం వచ్చిన మనిషి తన రోజువారీ పనులు తానే చేసుకోవడానికి దారి వెతకడం నా వృత్తి. కొన్నేళ్లుగా సహాయక కుక్కల ఎంపిక కూడా అందులో చేరింది. ఒక డాగ్ ట్రైనరు, ఒక పశువైద్యురాలు నాతో కలిసి పనిచేస్తారు.

మొదట ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. విశాఖలో ఉద్యోగం. "అక్క తూలిపోతాదండి, రాత్రిపూట మరీనూ. పెద్దగా పెరిగే లాబ్రడార్ పిల్లని మాట్లాడాను, అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. దాన్ని పట్టుకుని నడిచేలా మీరు ట్రైనింగ్ ఇప్పించండి మేడమ్" అన్నాడు. అక్క మీద ప్రేమ ఆ గొంతులో తెలుస్తూనే ఉంది. కుక్క సంగతి తర్వాత చూద్దాం, ముందు నన్ను అక్క ఇంటికి రానివ్వండి అని చెప్పాను. నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది జాతి పేరుతోనే మొదలుపెడతారు. లాబ్రడార్ మంచిదా, జర్మన్ షెపర్డ్ మంచిదా అని అడుగుతారు. ఆ మనిషికి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఎక్కడెక్కడ పని ఆగిపోతోందో తెలియకుండా ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేం. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం కూడా అదే.

చెవి, నిలకడ

సుమారు పదేళ్ల కిందట ఆమెకు క్షయ వచ్చింది. మొదటి కోర్సు మధ్యలో ఆగిపోయింది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు పడ్డాయి. ఆ తర్వాత మామూలు మందులకు లొంగని టీబీ అని తేలడంతో కనామైసిన్ ఇంజెక్షన్లు నెలల తరబడి చేశారు. జబ్బు పూర్తిగా నయమైంది. ప్రాణం నిలబెట్టిన ఆ మందులే లోపలి చెవిని దెబ్బతీశాయి. ఈ రెండూ అమైనోగ్లైకోసైడ్లు అనే ఒకే కుటుంబానికి చెందిన మందులు. లోపలి చెవిలో శబ్దాన్నీ తల కదలికనీ పసిగట్టే సన్నని కేశ కణాలు ఉంటాయి. ఈ మందుల వల్ల అవి చచ్చిపోతాయి, మనుషుల్లో మళ్లీ పుట్టవు. స్ట్రెప్టోమైసిన్ ఎక్కువగా నిలకడ మీద, కనామైసిన్ ఎక్కువగా వినికిడి మీద దెబ్బకొడతాయి. ఈమెకు రెండూ పడ్డాయి.

కనామైసిన్ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఇప్పుడు మందులకు లొంగని టీబీకి కూడా చాలావరకు మాత్రలతోనే వైద్యం నడుస్తోంది. అంతకుముందు ఆ ఇంజెక్షన్లు పడ్డవాళ్లు మాత్రం మన మధ్యే ఉన్నారు. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల నుంచి నడివయసులో చెవుడు వచ్చిందని ఎవరొచ్చినా, ఒకప్పుడు టీబీ ఇంజెక్షన్లు చేయించుకున్నారా అని తప్పకుండా అడుగుతాను. అవునంటే వినికిడితో పాటు నిలకడ కూడా పరీక్షిస్తాను. చెవుడు గురించి చెప్పినంత సులువుగా తూలడం గురించి చెప్పరు. తాగి తూలుతున్నారని అనుకుంటారేమోనని సిగ్గుపడతారు.

వినికిడి కొలిచే ఆడియోగ్రామ్‌లో ఆమెకు కుడిచెవి 85, ఎడమచెవి 80 డెసిబెల్స్ నష్టం చూపించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం మాట వినబడే స్థాయిల్లో రెండు చెవులకీ 70 డెసిబెల్స్ నష్టం ఉంటే బధిరుల కిందే లెక్క. ఆమెకు కీచుగా ఉండే (హై పిచ్) శబ్దాలు దాదాపు పూర్తిగా పోయాయి. లారీ హారన్, డప్పు లాంటివి కొద్దిగా తెలుస్తాయి. పసిపాప ఏడుపు, కుక్కర్ విజిల్, ఫోన్ రింగు తెలియవు. హియరింగ్ ఎయిడ్ ఉంది. ఎదురుగా కూర్చుని పెదాలు చూస్తూ మాట్లాడటానికి అది పనికొస్తుంది. వేసవిలో చెమటకి తీసేస్తారు, రాత్రి పడుకునేటప్పుడు తీసేస్తారు. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో ఆపరేషన్ చేసి అమర్చే వినికిడి పరికరం గురించి కూడా చెప్పాను. ఖర్చు, ఆపరేషన్ రెండూ ఇప్పుడు తన వల్ల కాదన్నారు.

నిలకడ పరీక్షలో మామూలు నేల మీద కళ్లు తెరుచుకుని బాగానే నిలబడ్డారు. మెత్తటి ఫోమ్ మీద నిలబెట్టి కళ్లు మూసుకోమంటే వెంటనే పక్కకి ఒరిగిపోయారు. మనిషి పడకుండా నిలబడాలంటే లోపలి చెవి, కళ్లు, పాదాలు మూడూ మెదడుకి కబురు పంపాలి. ఆమెకు చెవి నుంచి కబురు రాదు. చీకటి పడితే కళ్ల సాయం పోతుంది. ఇసుకలోనో మెత్తటి పరుపు మీదో నడిస్తే పాదాల సాయం తగ్గుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఈ జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకటి రాత్రుల్లోనే ఆమె పడి మణికట్టు విరిగింది. అప్పటినుంచే ఇంట్లోవాళ్లకి ఆమె తూలడం పెద్ద భయమైపోయింది.

ఇంట్లో ఒక రోజు

వాళ్లది వీధి నుంచి లోపలికి పొడుగ్గా సాగే పాతకాలపు ఇల్లు. ముందు వరండా, అందులోనే కుట్టు మిషన్. వెనక రెండు గదులు, తర్వాత పెరడు, పెరట్లో ఒకవైపు వంటిల్లు, చివర బాత్రూమ్. భర్త పొద్దున్నే గునుపురం వెళ్లి చీకటిపడ్డాక వస్తాడు. పెద్దబ్బాయి బడికి వెళ్తాడు. ఇంట్లో మిగిలేది ఆమె, ఎనిమిది నెలల పాప, మోకాళ్ల నొప్పులతో వెనకగదిలోంచి లేవలేని అత్తగారు. వరండాకి తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడే ఖాతాదారులు రోజంతా వచ్చిపోతుంటారు.

ఏ చప్పుడు వినబడకపోతే మీకు ఎక్కువ భయం అని ఆమెను అడిగాను. "పాప ఏడుపండి. నేను మిషను మీదుంటాను. అది ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయాక ఎవరో వచ్చి చెప్తారు" అన్నారు. పక్కనుంచి అత్తగారు అందుకున్నారు. "నేను పిలిస్తే రాదమ్మా. వినబడదని తెలుసు. తెలిసినా కోపమొస్తాది." ఆ తర్వాత తలుపు కొట్టి వెనక్కి వెళ్లిపోయే ఖాతాదారుల సంగతి, అడుగంటిపోయిన కుక్కర్ సంగతి చెప్పారు. తూలడం గురించి నేను అడిగితేనే చెప్పారు. బాత్రూముకి వెళ్లేటప్పుడు గోడ పట్టుకుంటాను, చీకట్లో బయటికి వెళ్లను, అంతే అన్నారు.

ఇంట్లోవాళ్లు చూస్తున్న సమస్యకీ ఆమె బతుకుతున్న సమస్యకీ తేడా అక్కడే కనబడింది. పడిపోవడం అందరి కళ్లకీ కనిపిస్తుంది. పాప ఏడ్చిందో లేదోనని రెండు నిమిషాలకోసారి మిషన్ ఆపి లోపలికి తొంగిచూడటం ఎవరికీ కనిపించదు. రాత్రి పాప ఏడుపు తెలియదేమోనని ఆమె నిద్రలో ఒక చెయ్యి పాప పొట్ట మీద పెట్టుకుని పడుకుంటారు. ఆ టెన్షన్ తగ్గించగలిగితే ఆమెకు అసలైన సాయం చేసినట్టని నాకు అనిపించింది.

ఆనుకుని నడిచే కుక్క ఎందుకు వద్దన్నాను

మనిషి బరువు ఆనించే పనికి పెట్టే కుక్కల విషయంలో కఠినమైన నియమాలున్నాయి. కుక్క ఎముకల ఎదుగుదల పూర్తయి ఉండాలి. అందుకు దాదాపు రెండేళ్లు పడుతుంది. తుంటి, మోచేతి కీళ్లు ఎక్స్‌రేలో బాగున్నాయని తేలాలి. కుక్క బరువు మనిషి బరువులో కనీసం సగం ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క. భుజాల మీద భారం సరిగ్గా పంచే గట్టి హార్నెస్ (కుక్క ఒంటికి తొడిగే పట్టీ) ప్రత్యేకంగా కుట్టించాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కుక్క వెన్నెముక పైనుంచి పడే బరువుని మోయడానికి ఏర్పడింది కాదు. అందుకే ఈ పనికి కుక్కల్ని ఇవ్వడం మానేసిన సంస్థలు కూడా ఉన్నాయి.

ఆమె విషయంలో ఇంకో చిక్కుంది. నిలకడ పోయినవాళ్లు మెల్లగా వాలరు. తల ఒక్కసారి తిప్పితే చాలు, ఉన్నపాటున పక్కకి పడతారు. 52 కేజీల మనిషి హఠాత్తుగా మీద పడితే కుక్క నడుము దెబ్బతినొచ్చు, లేదా బెదిరి పక్కకి తప్పుకుంటుంది, మనిషి కిందపడుతుంది. ఎదురుగా ఇంకో కుక్క కనబడి మన కుక్క లాగితే ఫలితం చెప్పనక్కర్లేదు. పర్లాకిమిడి వీధుల్లో ప్రతి సందుకీ దాని కుక్కల గుంపు ఉంటుంది.

కాబట్టి నిలకడకి వేరే దారులు పట్టాం. చూపుని ఒకచోట నిలిపి తల కదిలించే వ్యాయామాలు, మెత్తటి చాప మీద అడుగులు వేయడం రోజూ చేయించాను. పోయిన కణాలు వీటితో తిరిగిరావు కానీ కళ్లనీ పాదాలనీ ఇంకా బాగా వాడుకోవడం మెదడు నేర్చుకుంటుంది. అడుగున రబ్బరు బుడిపె ఉన్న చేతికర్ర ఇచ్చాం. పెరట్లోంచి బాత్రూము దాకా గోడకి ఇనుప పైపు కొట్టించారు. కరెంటు పోయినా వెలిగే ఎల్‌ఈడీ బల్బులు రెండుచోట్ల పెట్టారు. మొత్తం ఖర్చు తమ్ముడు కుక్కకి ఇచ్చిన అడ్వాన్సు కంటే తక్కువే అయింది. ఆ పైపు, ఆ బల్బులు పెట్టాక ఆమె రాత్రి బాత్రూముకి ఒక్కరే వెళ్లగలుగుతున్నారు.

అలాగే చప్పుళ్లలో యంత్రాలు తీర్చేవి ఏవో ముందే తీసేశాం. బెల్లు నొక్కితే వెలిగే లైటు వరండాలో పెట్టించాం. ఫోనుకి వైబ్రేషన్ ఉండే బ్యాండు చేతికి కట్టుకున్నారు. కుక్క లేకుండా తీరే అవసరానికి కుక్కని తేవడం నాకు నచ్చదు. ఒక ప్రాణిని పదేళ్లపైన పోషించాలి, దానికి జబ్బు చేస్తే చూసుకోవాలి, అది ముసలిదైతే పని చేయించకుండా తిండి పెట్టాలి. ఇవన్నీ పోగా మిగిలినవి పాప ఏడుపు, అత్తగారి పిలుపు, బెల్లు నొక్కకుండా తలుపు కొట్టేవాళ్లు, పెరట్లో కుక్కర్. కరెంటు ఉన్నా లేకపోయినా తెలియాల్సిన చప్పుళ్లు ఇవి. ఇంట్లో ఆమె ఏ మూల ఉన్నా వెతుక్కుంటూ వచ్చి చెప్పేవాళ్లు కావాలి. అది కుక్క చేయగలదు.

ఎలాంటి కుక్క

చప్పుడు తెలియజేసే కుక్కలు చేసే పని ఇది. చప్పుడు వినగానే మనిషి దగ్గరికి వచ్చి ముక్కుతోనో కాలితోనో తాకి, ఎక్కడ అని సైగ చేస్తే ఆ చప్పుడు వచ్చిన చోటికి తీసుకెళ్తాయి. బ్రిటన్‌లో ఈ పని కోసమే 1982లో ఒక సంస్థ మొదలైంది. దీనికి పెద్ద ఒళ్లు అక్కర్లేదు, ఫలానా జాతే కావాలని కూడా లేదు. వినికిడి, కుతూహలం, మనిషి మీద ధ్యాస ఉంటే చాలు.

ఆమె తూలడం వల్ల ఇంకొన్ని షరతులు చేరాయి. కుక్క 20 కేజీలు దాటకూడదు, అంతకు మించితే లాగినప్పుడు ఆమె ఆపుకోలేరు. మరీ చిన్నదీ పనికిరాదు, కాళ్లకి అడ్డంపడితే కనబడదు. నిలబడి ఉండగా ఎగరకుండానే ముక్కు ఆమె చేతికి అందేంత ఎత్తుండాలి. మీదికి ఎగిరే అలవాటు అసలు ఉండకూడదు. రంగు లేతగా ఉండాలి. రంగు గురించి చెప్పినప్పుడు తమ్ముడు ఆశ్చర్యపోయాడు. ఆమె కళ్లమీద ఆధారపడి నడిచే మనిషి. గచ్చునేల మీద మసక వెలుతురులో నల్లకుక్క పడుకుని ఉంటే తట్టుకుని పడటం ఖాయం.

వయసు ఏడాదిన్నర దాటి ఉండాలన్నాను. కుక్కపిల్లలుగా ఉన్నప్పుడు చేసే పరీక్షలతో కుక్క పెద్దయ్యాక ఎలా ఉంటుందో నమ్మకంగా చెప్పలేం. ఈ పని కోసమే తరతరాలుగా కుక్కల్ని పెంచే విదేశీ సంస్థల్లో కూడా ఎన్నో కుక్కపిల్లలు మధ్యలోనే తప్పుకుంటాయి. పసిపాప, ముసలావిడ, కుట్టుపని ఉన్న ఇంట్లో ఒక కుక్కపిల్లని కూడా పెంచమనడం ఆమె మీద ఇంకో బరువు పెట్టడమే.

చూసిన నాలుగు కుక్కలు

తమ్ముడు మాట్లాడిన లాబ్రడార్ 45 రోజుల పిల్ల. నల్లది. చక్కటి పిల్ల, కానీ పై షరతుల్లో వయసు, రంగు, బరువు మూడూ దానికి కుదరలేదు. పెరిగితే 30 కేజీలు అవుతుంది. అడ్వాన్సు పోయినా సరే వద్దని చెప్పడానికి తమ్ముడికి కొంచెం టైమ్ పట్టింది.

రెండోది దగ్గర బంధువు ఒకాయన ఊరికే ఇస్తానన్న మూడేళ్ల జర్మన్ షెపర్డ్. మాట వినే కుక్క, ఎంతో తెలివైనది. వరండాలో పెట్టి చూశాం. తలుపు చప్పుడైతే ఆమె దగ్గరికి రాకుండా తలుపుకీ ఆమెకీ మధ్య నిలబడి మొరిగింది. ఇంటికి కాపలా కాయడం దాని రక్తంలో ఉంది, అది తప్పు కాదు. పొద్దస్తమానం జాకెట్ల కొలతలివ్వడానికి ఆడవాళ్లు వచ్చే ఇంటికి అది సరిపడదు. ఒడ్డూ పొడుగూ కూడా ఎక్కువే.

మూడోది పక్కవీధిలోని తెల్లటి స్పిట్జ్, మన ఊళ్లలో అందరూ పొమేరియన్ అనే రకం. ఒక్క చప్పుడూ వదలదు. వినికిడి పనికి ఇదే దొరికిందని ఇంట్లోవాళ్లు సంబరపడ్డారు. రెండు పూటలు కూర్చుని చూస్తే అది పిల్లి నడిచినా, ఆకు రాలినా మొరుగుతోంది. మొరిగితే ఆమెకు వినబడదు కదా. పైగా ఏడెనిమిది కేజీల కుక్క ఎప్పుడూ కాళ్ల మధ్యే తిరుగుతుంది. పాప చెయ్యి వేసినప్పుడు పెదవి పైకెత్తి పళ్లు చూపించింది. దాంతో ఆ మాట అక్కడితో ఆపేశాం.

నాలుగోది బరంపురంలో ఒక రిటైరైన రైల్వే ఉద్యోగి పెంచుకున్న ఊరకుక్క. ఆడది, సుమారు రెండేళ్లు, లేత గోధుమరంగు, ఛాతీ తెలుపు, 16 కేజీలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఆయన కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ దానికి మంచి ఇల్లు వెతుకుతున్నారు. పేరు చిట్టి.

దీన్ని కాస్త ఎక్కువగానే పరీక్షించాం. వెనకనుంచి స్టీలు పళ్లెం కింద పడేశాం. ఉలిక్కిపడి నాలుగడుగులు వెనక్కి వేసింది, తర్వాత తనంతట తానే వచ్చి పళ్లెం వాసన చూసింది. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఎంత తొందరగా తేరుకుంటుందన్నదే ముఖ్యం. తర్వాత పక్కగదిలో అలారం గడియారం దాచి మోగించాం. వెళ్లి చూసింది, వెనక్కి వచ్చి మనుషుల మొహాలు చూసింది. ఈ పనికి కుక్కని ఎంచుకునేటప్పుడు నేను వెతికేది ఆ చూపునే. చప్పుడు దగ్గరికి పరిగెత్తే కుక్కలు చాలా ఉంటాయి. అది విని మనిషివైపు తిరిగేవి తక్కువ. తోక లాగాం, చెవులు పిండాం, తింటుంటే గిన్నె పక్కన చెయ్యి పెట్టాం. తల పక్కకి తిప్పుకుని తినడం కొనసాగించింది. కాలవ మీది ఇనుప జల్లెడ మీద మాత్రం కాలు పెట్టనంది. ఆమె ఇంట్లో అలాంటివి లేవు కాబట్టి పట్టించుకోలేదు. టపాసుల రికార్డింగు సన్నగా పెడితేనే మంచం కిందికి దూరింది. ఈ లోపం రాసిపెట్టుకుని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాం.

పశువైద్యురాలు రక్తపరీక్ష చేస్తే పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా అనే ఇన్ఫెక్షన్ బయటపడింది. మన వైపు ఇది చాలా మామూలు. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడాక మళ్లీ పరీక్షించి సరే అన్నారు. రేబిస్, డిస్టెంపర్, పార్వో, లెప్టో టీకాలు పూర్తిచేశారు. చెవులు లోపలిదాకా చూశారు. వినికిడి కోసం తెచ్చే కుక్కకి చెవిలో చీము ఉంటే పనంతా వృథా. ఈ పరీక్ష చాలామంది మర్చిపోతారు. టైలరమ్మ ఊపిరితిత్తుల్లో పాత టీబీ మచ్చలున్నాయి కాబట్టి ఆమె ఛాతీ డాక్టరుని కూడా అడిగి, అభ్యంతరం లేదన్నాకే ముందుకెళ్లాం.

నేర్పించడం

ఇందులో ఒక చిక్కుంది. కుక్క సరిగ్గా చేసినప్పుడు వెంటనే మెచ్చుకుని తిండి పెట్టాలి. అది కూడా యజమానే పెట్టాలి. ఆమెకు ఆ చప్పుడే వినబడదు. కుక్క వచ్చి తాకినప్పుడు నిజంగా ఏదైనా మోగిందో, తిండి కోసం వచ్చిందో ఆమెకు ఎలా తెలుస్తుంది? అందుకని చప్పుడు చేసేవాళ్లు అదే క్షణంలో ఒక చిన్న బల్బు వెలిగించేలా ఏర్పాటు చేశాం. ఆమె ఎదురుగా గోడమీద బల్బు వెలిగితే ఇది అసలు చప్పుడని తెలుసుకుని బహుమతి ఇస్తారు. ఈ పని ఎక్కువగా చేసింది పెద్దబ్బాయి. వాడికి ఇది ఆట.

మొదట చేతిని ముక్కుతో తాకడం మాత్రమే నేర్పారు. అది కుదిరాక చప్పుడు జోడించారు. ఆ తర్వాత ఆమె అరచెయ్యి తిప్పి సైగ చేస్తే చప్పుడున్న చోటికి తీసుకెళ్లడం. చిట్టి బరంపురంలో ఒడియా మాటలకి అలవాటుపడింది. చేతి సైగలే వాడటంతో భాష అడ్డురాలేదు. బహుమతిగా ఎండుచేప ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు పెట్టాం. కొట్టడం, అరవడం మా దగ్గర ఉండదు. భయపడిన కుక్క తప్పు చేస్తానేమోనని చప్పుడు విన్నా కదలకుండా కూర్చుంటుంది.

కొన్నాళ్లకి చిట్టి తెలివి చూపించడం మొదలుపెట్టింది. ఆకలైనప్పుడల్లా వచ్చి చెయ్యి తాకేది. ట్రైనరు అప్పటినుంచి చేతిని తాకితే ఏమీ ఇవ్వొద్దని, చప్పుడున్న చోటికి వెళ్లాకే అక్కడ పెట్టమని మార్చారు. ఊరికే తాకితే ఎక్కడికీ తీసుకెళ్లలేదు కదా. వారంలో తగ్గిపోయింది.

కుక్కర్ విషయంలో మాత్రం కుక్క వంటింటి గడప దగ్గర ఆగిపోవాలని నేర్పాం. పొయ్యి దగ్గరికి పరుగెత్తే కుక్క, దాని వెనక తూలే మనిషి, ఇది మేం కోరి తెచ్చుకోకూడని ప్రమాదం. పాపనీ కుక్కనీ ఎవరూ లేకుండా ఒకేచోట వదలకూడదన్న నియమం కూడా పెట్టాం. చిట్టి ఎంత మంచిదైనా ఈ నియమం మారదు. పాప పడుకునే గదికి మోకాలెత్తు గేటు ఉంది. చిట్టి గేటు దగ్గరిదాకా తీసుకెళ్లి ఆగుతుంది.

ఇప్పుడు ఎలా ఉంది

పాప ఏడుపు, అత్తగారి పిలుపు చిట్టి దాదాపు ఎప్పుడూ వదలదు. అత్తగారు ఇప్పుడు కోడల్ని పిలవడం మానేసి నేరుగా "చిట్టీ" అని కేకేస్తారు. తలుపు చప్పుడు పగలు బాగానే చెబుతుంది. ఖాతాదారులు వరసగా వచ్చే పండగ సీజన్‌లో అలసిపోయి పడుకుంటుంది. అప్పుడు వరండా లైటు మీదే ఆధారపడతారు. దీపావళికీ, రథయాత్ర డప్పులకీ, పెద్ద గాలివానకీ చిట్టి మంచం కిందే. ఆ రోజుల్లో భర్త ఇంట్లో ఉండేలా చూసుకుంటున్నారు. ఫోన్ రింగు నేర్పలేదు, బ్యాండు ఉంది కాబట్టి అవసరం లేదు.

ఆమె రాత్రి పాప పొట్ట మీద చెయ్యి పెట్టుకుని పడుకోవడం మానేశారు. ఈ ఒక్క మాట చెప్పడానికి ఆమె నాకు వీడియో కాల్ చేశారు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే పెద్ద ఫలితం ఇదే.

చిట్టిని వీధిలోకి పనికోసం తీసుకెళ్లరు. ఇది మేం ఆలోచించి తీసుకున్న నిర్ణయం. వీధికుక్కల మధ్య నడవాలంటే ఆమె దృష్టంతా కుక్క మీద పెట్టాలి, అప్పుడు అడుగు తప్పుతుంది. బయటికి కర్రతో వెళ్తారు. చిట్టిని సాయంత్రం భర్త తిప్పుతాడు. సహాయక కుక్కంటే ఆసుపత్రికీ బస్సుకీ కూడా వెంట రావాలేమోనని తమ్ముడు అడిగాడు. ఇంట్లో పనికోసమే కుక్కని పెట్టుకోవడం కూడా పూర్తి సహాయమే. 2016 చట్టంలో సహాయక కుక్కల కోసం ప్రత్యేకమైన అధ్యాయమేమీ లేదు. ఇంటర్నెట్‌లో డబ్బుకి అమ్మే సర్టిఫికెట్లు, మెడలో వేసే కార్డులు కుక్కకి పని నేర్పవు. వాటికి డబ్బు తగలేయొద్దని వచ్చినవాళ్లందరికీ చెబుతాను.

ఈ కేసు విన్నాక రాయగడ నుంచీ ఇచ్ఛాపురం నుంచీ కొందరు ఫోన్ చేశారు. ఫిట్స్ వచ్చేముందు చెప్పే కుక్క కావాలని ఒక తండ్రి అడిగారు. ఫిట్స్ ముందుగా పసిగట్టడాన్ని నమ్మకంగా నేర్పించే పద్ధతి లేదు. కొన్ని కుక్కలు తమంతట తామే చేస్తాయి, కొన్ని ఎన్నేళ్లున్నా చెయ్యవు. ఫిట్స్ వచ్చాక ఇంట్లోవాళ్లని పిలవడం, పక్కనే పడుకోవడం నేర్పవచ్చు. దానికోసం కుక్క కావాలా అని ఆయన్ని ఆలోచించుకోమన్నాను. చూపు లేనివాళ్లకి దారి చూపే కుక్క కావాలన్న ఒక కాలేజీ కుర్రాడికి తెల్లకర్ర శిక్షణ ముందు పూర్తిచేయమన్నాను. దారి ఎటో తెలియాల్సింది మనిషికి. కుక్క అడ్డంకులు తప్పిస్తుందే తప్ప బజారు ఎటో చెప్పదు. తెల్లకర్రతో బాగా తిరిగేవాళ్లే తర్వాత కుక్కతోనూ బాగా తిరుగుతారు. షుగర్ పడిపోవడం పసిగట్టే కుక్క గురించి అడిగిన అమ్మాయికి మాత్రం చర్మానికి అతికించే గ్లూకోజ్ సెన్సార్ ముందు వాడి చూడమని ఆమె డాక్టరుతో మాట్లాడించాను.

పర్లాకిమిడి ఇంటికి మేం ఇంకా వెళ్తూనే ఉన్నాం. చిట్టికి ఏడాదికోసారి చెవులు, కీళ్లు, రక్తం పరీక్ష చేయాలి, రేబిస్ బూస్టర్ వేయించాలి. వినికిడి తగ్గితే దాన్ని పనిలోంచి తప్పించి ఇంట్లోనే ఉంచుకుంటామని కుటుంబం మొదట్లోనే మాటిచ్చింది. పాప ఇప్పుడు నడుస్తోంది. ఏడుపు చెప్పే పని తగ్గి, వీధి గేటు గొళ్లెం చప్పుడు చెప్పే పని మొదలైంది. పెద్దబ్బాయే మళ్లీ బల్బు పట్టుకుని కూర్చుంటున్నాడు.